షిగేరు బాన్

షిగేరు బాన్ (జననం: 1957 ఆగస్టు 5, టోక్యో) జపాన్‌కు చెందిన ఆర్కిటెక్ట్. అట్ట గొట్టాలను భవనాల బరువు మోసే స్తంభాలుగా, దూలాలుగా వాడి ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. భూకంపాలు, యుద్ధాలు, వలసల వల్ల ఇల్లు కోల్పోయినవారికి ఆశ్రయాలు నిర్మించే పనిని 1990ల నడుమ నుంచి తన వృత్తిలో భాగంగా చేస్తున్నాడు. పెద్ద మ్యూజియంలు, కలప కార్యాలయ భవనాలు కూడా అతని రచనల్లో ఉన్నాయి. 2014లో ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నాడు. జపాను పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి స్వదేశంలో అతన్ని బాన్ షిగేరు అంటారు.

ఆర్కిటెక్ట్ అనే మాటకు తెలుగులో వాస్తుశిల్పి అనే పర్యాయపదం ఉన్నా, గృహవాస్తు చెప్పేవారితో పొరపాటు పడకుండా ఈ వ్యాసంలో ఆర్కిటెక్ట్ అనే మాటనే వాడడమైనది.

బాల్యం, విద్య

బాన్ తండ్రి టొయోటా సంస్థ ఉద్యోగి, తల్లి దుస్తుల రూపకర్త. ఇంట్లో మరమ్మతులకు వచ్చే వడ్రంగుల పనితనం చూసి, పెద్దయ్యాక వడ్రంగి కావాలని చిన్నప్పుడు అనుకున్నాడు. బడిలో రగ్బీ ఆడేవాడు. ఒక జపాను ఆర్కిటెక్చర్ పత్రికలో అమెరికన్ ఆర్కిటెక్ట్ జాన్ హేడక్ గురించి చదివి, అతను బోధించే న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్‌లోనే చేరాలని నిశ్చయించుకున్నాడు. విదేశీ విద్యార్థులకు అక్కడ నేరుగా ప్రవేశం లేదు. అందుకని 1977లో లాస్ ఏంజెలెస్ వెళ్లి, సదరన్ కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో మూడేళ్లు చదివి, 1980లో కూపర్ యూనియన్‌కు మారాడు. మధ్యలో కొంతకాలం టోక్యోలో ఆర్కిటెక్ట్ అరాటా ఇసోజాకి కార్యాలయంలో పనిచేశాడు. 1984లో పట్టా తీసుకున్నాడు.

అదే సంవత్సరం ఫోటోగ్రాఫర్ యుకియో ఫుతగావాతో కలిసి ఫిన్లాండ్ వెళ్లి, అక్కడి ఆర్కిటెక్ట్ అల్వార్ ఆల్టో భవనాలను చూశాడు. పుస్తకాల్లో బొమ్మలుగా చూసినప్పుడు అంతగా ఆకట్టుకోని ఆ కట్టడాలు, ఆ నేల మీద, ఆ వెలుగులో చూసేసరికి అతని ఆలోచనను మార్చాయి. స్థానిక వాతావరణం, స్థానిక పదార్థం అనే రెండు అంశాలు అప్పటినుంచి అతని పనిలో కనబడతాయి. మరో ఆర్కిటెక్ట్ కింద ఎక్కువకాలం శిష్యరికం చేయకుండానే 1985లో టోక్యోలో సొంత కార్యాలయం తెరిచాడు. తర్వాత పారిస్, న్యూయార్క్ నగరాల్లోనూ కార్యాలయాలు ఏర్పడ్డాయి.

అట్ట గొట్టం

బట్టల దుకాణంలో తాను చుట్టి ఉండే గొట్టం ఎలాంటిదో, బాన్ వాడే గొట్టం మూలంలో అలాంటిదే. పాత కాగితం నుంచి తీసిన పొడవాటి పట్టీలకు జిగురు పూసి, ఇనుప కడ్డీ చుట్టూ ఏటవాలుగా పొర మీద పొర చుట్టుకుంటూ పోతారు. కడ్డీని బయటికి లాగితే గొట్టం మిగులుతుంది. లావు, మందం, పొడవు కావలసినట్టు మార్చుకోవచ్చు. గుండ్రటి కాంక్రీటు స్తంభాలు పోయడానికి అచ్చులుగా ఇలాంటివాటిని అంతకుముందే వాడేవారు. కాంక్రీటు గట్టిపడ్డాక చింపి పారేసే ఆ అచ్చే స్తంభంగా నిలబడగలదా అన్నది బాన్ వేసుకున్న ప్రశ్న.

ఈ ప్రశ్న సిద్ధాంతంలోంచి కాక ఖర్చులోంచి పుట్టింది. 1986లో టోక్యోలోని ఆక్సిస్ గ్యాలరీలో జరిగిన ఆల్టో ప్రదర్శనకు ఆవరణ రూపొందించే పని బాన్‌కు వచ్చింది. ఆల్టోకు తగినట్టు కలప వాడాలని ఉన్నా అందుకు డబ్బు చాలలేదు, ప్రదర్శన ముగిశాక అంత కలపనూ పారేయడం అతనికి నచ్చలేదు. కార్యాలయంలో పడి ఉన్న అట్ట గొట్టాలు గుర్తొచ్చి, పైకప్పుకు, అడ్డుగోడలకు వాటినే వాడాడు. అవి అనుకున్నదానికంటే గట్టిగా కనిపించడంతో బలాన్ని కొలిచి చూడాలనిపించింది. స్ట్రక్చరల్ ఇంజినీరు గెంగో మత్సుయి ఈ పరీక్షల్లో తోడ్పడ్డాడు. 1989లో నగోయా డిజైన్ ప్రదర్శనలో కాగితపు పందిరి, 1990లో ఒదావరా పట్టణంలో ఒక సభామందిరం ఆ పరీక్షల ఫలితాలు.

అట్ట గొట్టం నిలువుగా పడే బరువును బాగా మోస్తుంది. అడ్డంగా వంచే బలానికి, ఏళ్ల తరబడి ఆగకుండా పడే ఒత్తిడికి కలప కంటే త్వరగా లొంగుతుంది. తేమ దాని ప్రధాన శత్రువు. పై పూతలతో నీటిని ఆపుతారు. రెండు గొట్టాలు కలిసే చోట కలప లేదా లోహపు ముడి వాడతారు. లెక్క అంతా ఆ ముడుల దగ్గరే ఉంటుంది. గొట్టం విరగడం కంటే ముడి జారడమే ఇలాంటి కట్టడాల్లో ముందు ఆలోచించవలసిన ప్రమాదం.

దీనికి మరో గుణం ఉంది, విపత్తు పనుల్లో అదే ఎక్కువ అక్కరకు వచ్చింది. భూకంపం రాగానే సిమెంటు, కలప, ఇనుము ధరలు పెరుగుతాయి. అట్ట గొట్టం ఇళ్ల సామాను కాదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు, ధర పెరగదు. బట్ట, కాగితం తయారయ్యే ప్రతి దేశంలోనూ అది దొరుకుతుంది.

చట్టం ఆమోదం

జపాను భవన నిర్మాణ చట్టంలో కాగితం నిర్మాణ పదార్థంగా లేదు. ప్రత్యేక పదార్థాలకు వర్తించే 38వ నిబంధన కింద పరీక్షలు జరిపించి, 1993లో బాన్ నిర్మాణ మంత్రిత్వ శాఖ ఆమోదం పొందాడు. ఆ ఆమోదంతో 1995లో ఫుజి పర్వతం దాపున యమనకా సరస్సు ఒడ్డున తన కోసం 'కాగితపు ఇల్లు' కట్టుకున్నాడు. చతురస్రపు నేల మీద 110 గొట్టాలు ఆంగ్ల అక్షరం 'ఎస్' ఆకారంలో వరుసగా నిలబడి కప్పును మోస్తాయి. అట్ట గొట్టాలను నిర్మాణ భాగాలుగా వాడిన తొలి శాశ్వత భవనంగా దీన్ని పేర్కొంటారు.

నివాస గృహాలు

కాగితం పేరు మారుమోగడంతో బాన్ ఇళ్లు కొంత మరుగున పడ్డాయి. అతని దృక్పథం స్పష్టంగా బయటపడేది మాత్రం వీటిలోనే.

1995లో టోక్యోలో కట్టిన కర్టెన్ వాల్ హౌస్ ఒక మాట మీద ఆట. భవనం బరువు మోయని అద్దాల వెలుపలి గోడను ఆధునిక నిర్మాణ పరిభాషలో కర్టెన్ వాల్ అంటారు. బాన్ ఆ పేరును అక్షరాలా తీసుకుని, రెండంతస్తుల ఎత్తు గుడ్డ తెరనే వెలుపలి గోడగా వేలాడదీశాడు. గాలి కావాలంటే తెర తీస్తారు, చలికాలంలో తెర వెనక ఉన్న అద్దాల తలుపులు మూస్తారు. అదే ఏడాది యమనషి ప్రాంతంలో కట్టిన ఫర్నిచర్ హౌస్‌లో కర్మాగారంలో తయారైన నిలువెత్తు బీరువాలే గోడలు, కప్పు వాటిమీదే ఆనుతుంది. భూకంపంలో బీరువాలు మీదపడి మనుషులు చనిపోతుంటారు. అదే బీరువా ఇంటిని నిలబెడితే ఆ ప్రమాదం ఉండదన్నది ఇందులోని ఆలోచన. 1997 నాటి వాల్‌లెస్ హౌస్‌లో నేల పలక వెనకవైపు కొండవాలులో పైకి మడిచినట్టు లేచి కప్పును అందుకుంటుంది. మిగిలిన మూడు వైపులా గోడలు లేవు.

2000 సంవత్సరంలో సైతామా ప్రాంతంలోని కవగోయెలో పూర్తయిన నేకెడ్ హౌస్ వీటిలో విశిష్టమైనది. ఒకరికొకరు కనబడుతూ, ఒకే కప్పు కింద కలిసి బతకాలని ఆ కుటుంబం కోరుకుంది. వరి పొలాల పక్కన గ్రీన్‌హౌస్‌లాంటి పొడవాటి శాల ఒకటి కట్టి, దాని లోపల చక్రాల మీద కదిలే నాలుగు పెట్టెలను గదులుగా అమర్చాడు. వేడి వేసినా, చలి వేసినా, ఏకాంతం కావాలన్నా గదినే తోసుకుపోవచ్చు. వెలుగును వడకట్టి పంపే ప్లాస్టిక్ గోడల మధ్య వేడిని ఆపడానికి పండ్ల పెట్టెల్లో నింపేలాంటి ప్లాస్టిక్ పీచు నింపారు.

విపత్తు ఆశ్రయాలు

రువాండా: 1994 నాటి నరమేధం తర్వాత లక్షలాది మంది శరణార్థి శిబిరాలకు చేరారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వారికి 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవున్న ప్లాస్టిక్ పట్టాలు ఇచ్చింది. పట్టా నిలబెట్టడానికి గుంజలు కావాలి, వాటికోసం చుట్టూ ఉన్న చెట్లన్నీ నరికారు. అల్యూమినియం గొట్టాలు ఇచ్చి చూస్తే, వాటిని అమ్ముకుని మళ్లీ చెట్లు నరికారు. శిబిరాల పరిస్థితిని పత్రికల్లో చూసిన బాన్ జెనీవాలోని ఆ సంస్థ కార్యాలయానికి వెళ్లి అట్ట గొట్టాలను సూచించాడు. అమ్మితే పైసా రాకపోవడమే ఇక్కడ వాటికి అర్హత అయింది. 1995లో ఆ సంస్థ అతన్ని సలహాదారుగా తీసుకుంది. చెదలకు, వానకు ఎంతవరకు తట్టుకుంటాయో పరీక్షించిన తర్వాత, 1999లో రువాండాలో 50 ఆశ్రయాలు ప్రయోగాత్మకంగా కట్టారు.

కోబె: 1995 జనవరి 17 నాటి భూకంపంలో 6,400 మందికి పైగా మరణించారు. నగతా వార్డులో వియత్నాం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ప్రభుత్వ శిబిరాలకు పోలేక పార్కుల్లో పట్టాల కింద తలదాచుకున్నాయి. వారు ఆదివారాల్లో చేరే తకతోరి కాథలిక్ చర్చి కాలిపోయింది. బాన్ అక్కడికి వెళ్లి ఆ కుటుంబాల కోసం కాగితపు దుంగల ఇళ్లు కట్టించాడు. ఇసుక మూటలు నింపిన బీరు సీసాల ప్లాస్టిక్ పెట్టెలు పునాది. 106 మిల్లీమీటర్ల లావు, 4 మిల్లీమీటర్ల మందం గల గొట్టాలను దుంగల్లా పక్కపక్కనే నిలబెడితే గోడ. గొట్టానికీ గొట్టానికీ నడుమ తడి చొరకుండా స్పాంజి పట్టీ. పైన గుడారపు గుడ్డ. ఒక్కో ఇంటి సామగ్రికి 2,000 డాలర్ల లోపే అయింది.

కాలిపోయిన చర్చి స్థలంలో కట్టినది పేపర్ చర్చ్. ఒక్కొక్కటి 5 మీటర్ల ఎత్తున్న 58 గొట్టాలు దీర్ఘవృత్తంగా నిలబడ్డాయి. లోపల 80 మంది కూర్చోవచ్చు. దాదాపు 160 మంది స్వచ్ఛంద కార్యకర్తలు ఐదు వారాల్లో పూర్తిచేశారు. ఈ పనుల నుంచే 1995లో స్వచ్ఛంద ఆర్కిటెక్టుల బృందం ఏర్పడింది. విపత్తు పనులన్నీ బాన్ ఆ బృందం పేరుతో చేస్తాడు, చాలాచోట్ల విద్యార్థులే కూలీలు.

భుజ్: 2001 జనవరి 26న గుజరాత్‌లో వచ్చిన భూకంపంలో దాదాపు 20,000 మంది చనిపోయారు. భారతదేశంలో బాన్ పనికి ప్రధాన ఉదాహరణ ఇక్కడిదే. కోబె నమూనా యథాతథంగా ఇక్కడ కుదరలేదు. బీరు పెట్టెలు దొరకవు కాబట్టి కూలిన ఇళ్ల శిథిలాలనే పునాదిలో వేసి, పైన మట్టి నేల అలికారు. చీల్చిన వెదురుతో వంపు వాసాలు పెట్టి, స్థానికంగా అల్లిన రెండు చాపల మధ్య ప్లాస్టిక్ పట్టా పరిచి కప్పు వేశారు. రెండు చివర్లా చాప కన్నాల గుండా గాలి ఆడుతుంది, పొయ్యి పొగ బయటికి పోతుంది. గోడలకు మాత్రం కోబెలో లాగా అట్ట గొట్టాలే. పూరింటి కప్పు ఎరిగినవారికి ఈ ఇంట్లో కొత్తగా తోచేది ఆ గోడ ఒక్కటే.

ఇతర దేశాలు: తుర్కియే (1999 భూకంపం తర్వాత), శ్రీలంకలోని కిరింద (2004 సునామీ తర్వాత నొక్కిన మట్టి ఇటుకలతో), చైనాలోని చెంగ్డు (2008లో ఒక ప్రాథమిక పాఠశాల), నేపాల్ (2015, కలప చట్రాల్లో శిథిలాల ఇటుకలు నింపి) ముఖ్యమైనవి.

తెరల పద్ధతి: జపానులో విపత్తు బాధితులను మొదట పాఠశాల వ్యాయామశాలల్లో ఉంచుతారు. వందల కుటుంబాలు ఒకే హాలు నేల మీద, చాటు లేకుండా వారాల తరబడి పడుకోవాలి. 2004 నీగాటా భూకంపం నుంచి బాన్ దీనికి మార్గం వెతికాడు. లావు గొట్టానికి కన్నాలు చేసి సన్న గొట్టాలు దూర్చి చట్రం కడతారు, దానికి తెల్లటి గుడ్డ తెరలు పిన్నులతో వేలాడదీస్తారు. మేకు అక్కర్లేదు, ఎవరైనా కట్టవచ్చు. మనుషులు కనబడకపోతే నిర్వహణ కష్టమని అధికారులు మొదట్లో చాలాచోట్ల ఒప్పుకోలేదు. 2011 తోహోకు భూకంపం, సునామీల తర్వాత దాదాపు 50 కేంద్రాల్లో 1,800 గదులు ఇలా ఏర్పడ్డాయి. 2016లో కుమమోతోలోనూ, 2022లో పోలాండ్‌లోని హెవమ్ పట్టణంలో ఉక్రెయిన్ శరణార్థుల కోసం మూతపడిన సూపర్‌మార్కెట్‌లోనూ ఇదే పద్ధతి వాడారు. బాన్ ఆవిష్కరణల్లో అతి తక్కువ ఫోటోలకెక్కేది ఇదే అయినా, మేలు పొందినవారి సంఖ్యలో ముందుండేదీ ఇదే కావచ్చు.

ఒనగావా: 2011 సునామీలో దెబ్బతిన్న ఈ జపాను ఊళ్లో చదునైన నేల కరువు. బేస్‌బాల్ మైదానంలో ఓడ కంటెయినర్లను చదరంగపు గళ్లలా ఒకటి విడిచి ఒకటి పేర్చి, మూడంతస్తుల వరకు దాదాపు 190 ఇళ్లు కట్టారు. కంటెయినర్ లోపల పడకగదులు, స్నానగది, వాటి నడుమ ఖాళీల్లో వెలుతురున్న హాలు అమిరాయి.

పెద్ద కట్టడాలు

హానోవర్ జపాన్ పెవిలియన్ (2000): పర్యావరణం ఇతివృత్తంగా జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టినది. తేలిక నిర్మాణాల్లో ఆద్యుడైన జర్మన్ ఆర్కిటెక్ట్ ఫ్రై ఓట్టో సలహాదారు. పొడవాటి గొట్టాలను నేలపై జాలీలా పరిచి, ముడులను పట్టీలతో కట్టి, మెల్లగా పైకి నెట్టి వంపు తిరిగిన శాలగా మార్చారు. పొడవు దాదాపు 74 మీటర్లు. కప్పు కూడా కాగితపు పొరే. జర్మన్ అధికారుల షరతుల వల్ల కలప కమానులు, అదనంగా ఒక ప్లాస్టిక్ పొర చేర్చవలసి వచ్చింది. ప్రదర్శన తర్వాత కాగితాన్ని తిరిగి వాడకానికి పంపడం మొదటినుంచీ రూపకల్పనలో భాగం.

పాంపిడూ కేంద్రం, మెట్జ్ (2010): ఫ్రాన్స్‌లోని ఈ మ్యూజియం రూపకల్పనకు 2003లో జరిగిన పోటీలో జాన్ ద గాస్తీన్, ఫిలిప్ గుముచ్‌జియాన్‌లతో కలిసి బాన్ గెలిచాడు. పారిస్‌లో కొన్న చైనా వెదురు టోపీ అల్లిక చూసి కప్పు ఆలోచన వచ్చింది. షడ్భుజుల అల్లికగా వంచిన పొరల కలప, దానిపై వెలుగు చొరే తెల్లటి పొర కలిసి దాదాపు 8,000 చదరపు మీటర్లు కప్పుతాయి. శిఖరం ఎత్తు 77 మీటర్లు, పారిస్‌లోని మాతృసంస్థ 1977లో ప్రారంభమైనందుకు గుర్తు. ఈ పని జరిగినంతకాలం బాన్ పారిస్ పాంపిడూ కేంద్రం పైఅంతస్తు ఆరుబయట కట్టుకున్న అట్ట గొట్టాల గదినే కార్యాలయంగా వాడుకున్నాడు.

కలప కట్టడాలు: మెట్జ్ తర్వాత బాన్ పనిలో కలప ప్రధానమైంది. జ్యూరిక్‌లోని ఏడంతస్తుల తమేదియా మీడియా సంస్థ కార్యాలయంలో (2013) ప్రధాన చట్రం ముడుల్లో ఇనుము లేదు. కన్నంలోకి కుసి దిగినట్టు దూలాలు, స్తంభాలు ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. స్విస్ కలప ఇంజినీరు హెర్మన్ బ్లూమర్ ఇందులో భాగస్వామి. బీల్ పట్టణంలోని స్వాచ్ గడియారాల సంస్థ ప్రధాన కార్యాలయం (2019) 240 మీటర్ల పొడవున పాములా మెలికలు తిరిగే కలప జాలీ. దక్షిణ కొరియాలోని నైన్ బ్రిడ్జెస్ గోల్ఫ్ క్లబ్ (2010), ఆస్పెన్ ఆర్ట్ మ్యూజియం (2014), ఒయితా ప్రిఫెక్చర్ ఆర్ట్ మ్యూజియం (2015), పారిస్ సమీపంలోని లా సెన్ మ్యూజికాల్ (2017), హిరోషిమా ప్రాంతంలోని సిమోసె మ్యూజియం (2023) ఇతర ముఖ్య రచనలు. 2025 ఒసాకా ప్రదర్శనలోని బ్లూ ఓషన్ డోమ్‌లో వెదురు, అట్ట గొట్టం, కార్బన్ పీచు ఒక్కొక్క గుమ్మటానికి ఒక్కటిగా వాడాడు.

రూపకల్పన దృక్పథం

బాన్‌ను పర్యావరణ ఆర్కిటెక్ట్ అని పిలవడం పరిపాటి. అట్ట గొట్టాల పని మొదలైన 1980ల నడుమ ఆ మాట ఇంత వాడుకలో లేదు. తనను నడిపించింది పారేయడమంటే ఉన్న అయిష్టత అని అతను చెబుతాడు. పదార్థం బలహీనమైనా దాన్ని వాడే తీరును బట్టి కట్టడం బలంగా ఉండవచ్చన్నది అతని ప్రధాన సూత్రం. కాంక్రీటు భవనాలు భూకంపంలో కూలడం, కాగితపు కట్టడాలు నిలవడం అతను తరచు చూపే ఉదాహరణ. భూకంపం మనుషుల్ని చంపదు, కూలిన భవనాలు చంపుతాయి కాబట్టి అది ఆర్కిటెక్టుల బాధ్యత అన్న వాదన దీనికి అనుబంధం.

నిర్మాణ చట్రాన్ని దాచకపోవడం, గోడను తెరగానో బీరువాగానో మార్చడం, లోపలికీ బయటికీ గీత చెరిపేయడం అతని రచనల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. చివరిది సంప్రదాయ జపాను ఇంటి జరుపుడు తలుపుల్లో ఉన్నదే. అయితే చట్రం మీద పట్టు మాత్రం కూపర్ యూనియన్‌లో హేడక్ దగ్గర అబ్బిందనాలి.

విమర్శ

అట్ట కట్టడాలన్నీ పూర్తిగా అట్టవి కావన్నది తరచు వినిపించే అభ్యంతరం. 2011 భూకంపంలో దెబ్బతిన్న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ కెథెడ్రల్‌కు బదులుగా బాన్ ఉచితంగా రూపొందించిన అట్ట కెథెడ్రల్ (2013) ఇందుకు ఉదాహరణ. 700 మంది పట్టే ఈ ప్రార్థనా మందిరంలో 98 గొట్టాలు ఉన్నాయి, కాని వాటి లోపల కలప దూలాలు బరువు పంచుకుంటాయి. నిర్మాణ దశలో వానకు కొన్ని గొట్టాలు తడిసి మెత్తబడితే మార్చవలసి వచ్చింది. హానోవర్‌లోనూ కలప సాయం తప్పలేదు. అనుమతులిచ్చే అధికారుల జాగ్రత్త, స్థానిక కర్మాగారాల పరిమితి దీనికి కారణాలు.

రెండవ అభ్యంతరం సంఖ్యకు సంబంధించినది. నిరాశ్రయుల సంఖ్యతో పోలిస్తే ఆశ్రయాలు కొద్ది. రువాండాలో 50 గుడారాలు లక్షల మందికి ఏమాత్రం అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ పనిని నమూనాగా చూడాలని, తెరల పద్ధతి మాత్రం విస్తృత వాడకానికి వచ్చిందని సమర్థకులు జవాబిస్తారు.

మూడవది టోక్యోలోని పారదర్శక మరుగుదొడ్లు (2020). గడియ పెట్టగానే మసకబారే రంగుటద్దాలతో షిబుయా పార్కుల్లో కట్టినవి. లోపల శుభ్రంగా ఉందా, ఎవరైనా దాక్కున్నారా అన్నది బయటినుంచే తెలుస్తుంది. చలి ఎక్కువైనప్పుడు అద్దం మసకబారడం ఆలస్యమవుతుండడంతో చలికాలంలో వాటిని ఎప్పుడూ మసకగానే ఉంచవలసి వచ్చింది.

బోధన, పురస్కారాలు

కేయో విశ్వవిద్యాలయంలో 2001 నుంచి 2008 వరకు ఆచార్యుడు, హార్వర్డ్, కార్నెల్‌లలో అతిథి అధ్యాపకుడు. 2006–2009 మధ్య ప్రిట్జ్‌కర్ న్యాయనిర్ణేతల సంఘంలో ఉన్నాడు. 2014లో ఆ బహుమతి పొందిన ఏడవ జపాను వ్యక్తి అయ్యాడు. అతనికి ముందున్నవారు కెంజో టాంగె, ఫుమిహికో మాకి, తడావో ఆండో, కజుయో సెజిమా, ర్యూ నిషిజావా, టొయో ఇటో. బాన్‌కు 2022లో స్పెయిన్ వారి ప్రిన్సెస్ ఆఫ్ ఆస్తూరియస్ పురస్కారం, 2024లో జపాన్ వారి ప్రేమియమ్ ఇంపీరియాలె లభించాయి.

తాత్కాలికం, శాశ్వతం

లాభం కోసం కట్టిన కాంక్రీటు భవనం కూడా, మరొకరు స్థలం కొంటే కూల్చేదే కాబట్టి తాత్కాలికమేనని, ప్రజలు ప్రేమించి నిలుపుకున్న కాగితపు భవనం శాశ్వతమేనని బాన్ అంటాడు. కోబెలోని పేపర్ చర్చ్ కొన్నేళ్లకు తీసేస్తారనుకున్నది, పదేళ్లు నిలిచింది. 2005లో విప్పి, 1999 భూకంపంలో దెబ్బతిన్న తైవాన్‌లోని తావోమి గ్రామానికి పంపారు. అక్కడ తిరిగి నిలబెట్టి 2008లో ప్రారంభించారు. తకతోరిలోని పాత స్థలంలో 2007లో కట్టిన కొత్త చర్చి కూడా బాన్ రూపకల్పనే.